నడిమి పుస్తకం

ఆషాఢం పట్టిన మర్నాడే పరమేశ్వర్ జడ్చర్లలో బస్సు దిగి, కూతురు మానసను వెంటబెట్టుకుని మర్రిగూడ వైపు వెళ్ళిపోయాడు. కొత్తగా పెళ్ళైన పిల్ల ఆ నెలంతా పుట్టింట్లో ఉండాలి, అల్లుడు అత్తగారి గడప దాటకూడదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఆమె భర్త మురళీమోహన్‌కు తెలియదు. పెట్టిన మహానుభావుడికి మాత్రం, పెళ్ళైన కొత్తలో ఖాళీ ఇంట్లో ఒక్కడే కూర్చుని పచ్చడి మెతుకులు తినే గతి పట్టి ఉండదని గట్టిగా అనుకున్నాడు.

మురళిది నారాయణపేట దిక్కు. ఇంట్లో మగ్గం ఉంది, తండ్రి ఇంకా చీరలు నేస్తూనే ఉన్నాడు. ఇతను మాత్రం డిప్లొమా చదివి జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో చేరాడు. పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం దాటేసరికి ఇంటికి వచ్చేస్తాడు. మనిషి మంచివాడు, పనిమంతుడు, కానీ నోట్లో నాలుక లేదు. అన్నంలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా నాలుగుసార్లు గొంతు సవరించుకునే రకం. అలాంటివాడికి గలగలా మాట్లాడే పెళ్ళామైనా దొరకాలి కదా, అదీ లేదు. మానస ఇంట్లో ఉంటే ఉన్నట్టే తెలియదు. ఏదైనా అడిగితే తల ఊపుతుంది. అతను ఎలాగో తంటాలు పడి ఒక నవ్వొచ్చే మాట అంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

పెళ్ళిచూపుల్లో ఆమె నవ్వలేదు. సరే, సిగ్గు అనుకున్నాడు. పెళ్ళిపీటల మీదా నవ్వలేదు. ఆల్బం చేతికొచ్చాక చూస్తే, పురోహితుడితో సహా అందరూ పళ్ళికిలించుకుని ఉన్నారు, పెళ్ళికూతురు ఒక్కతే పెదాలు బిగించుకుని ఉంది. ఆ రోజు నుంచి మురళికి లోపల ఒకటే దిగులు. ఈ పిల్లకు నేనంటే ఇష్టం లేదు, పెద్దవాళ్ళు చేసుకొమ్మన్నారని చేసుకుంది. ఆ దిగులును ఆమె ముందు పెట్టడానికి నోరు రావాలి. అతనికి ఆ నోరే లేదాయె.

ఆమె వెళ్ళిన రోజు సాయంత్రం ఫోను చేశాడు.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్న. నువ్వు?"

"తిన్న."

అయిపోయింది. అవతల మామగారి మగ్గం టకటకమంటోంది. ఇవతల మిక్సీ కూడా లేదు చప్పుడు చేయడానికి. ఇక పెట్టేద్దామనుకుంటుండగా అతని చూపు పొయ్యి పైనున్న అర మీద పడింది. ఉప్పు డబ్బా పక్కన లావుపాటి పుస్తకం ఒకటి నిలబెట్టి ఉంది.

"నీ పుస్తకం ఇడిసిపెట్టి పోయినవ్."

"ఉండనీ. చదువు."

"నాకేం సమజైతది, ఇంగ్లీషుది."

"కంపెనీల నువ్వు జూసే కాయితాలన్ని ఇంగ్లీషుయే గద. సమజ్ కాకపోతే నన్నడుగు, చెప్త."

పెళ్ళైనప్పటి నుంచి ఆమె అతనితో ఒక్క ఊపున ఇన్ని మాటలు అనడం అదే మొదలు. ఆ మాటలకే అతను లేచి పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. చదువు మీద ప్రేమతో అనుకునేరు, కాదు.

అట్ట మీద ఒక అమ్మాయి మనకు వీపు పెట్టి, ఆకాశమంత గోడ వైపు చూస్తూ ఉంది. మూలన రెండో భాగమని రాసి ఉంది. మర్నాడు ఫోనులో, "మొదటి భాగం చదవకుంట ఎట్ల సమజైతది?" అని అడిగాడు. "ఏం గాదు, పో. నడిమి నుంచే చదువు" అంది మానస. మొదటిది ఆమె చదివేసి పుట్టింట్లో పెట్టి ఉంటుందని అతనికతనే అనుకున్నాడు. అడగవలసిన మాట అడగకుండా అనుకుని ఊరుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

కంపెనీ కాగితాల్లో ప్రతి వాక్యమూ ఏదో ఒక పని చెయ్యమంటుంది. వేడి చెయ్యి, కలుపు, ఆపు, సంతకం పెట్టు. ఈ పుస్తకంలో వాక్యాలు ఏ పనీ చెప్పవు. గాలి ఎలా వీచిందో, ఆ పిల్ల దాహంతో ఏమనుకుందో చెబుతూ పోతాయి. మురళికి మొదట్లో చిరాకేసింది. పక్క గదిలో కిరాయికి ఉండే నరేశ్, అదే కంపెనీలో పనిచేసేవాడు, ఒక ఉపాయం చెప్పాడు. ఫోను కెమెరా పేజీకి చూపిస్తే అదే తెలుగు చేసి పెడుతుందన్నాడు. చూపించారు. 'ఆమె గుండె ఒక కొట్టును దాటవేసింది' అని వచ్చింది. ఇద్దరూ చాలాసేపు ఆలోచించారు. ఎడారిలో కొట్టు ఎక్కడిది, కొట్టును దాటి గుండె ఎక్కడికి పోయింది?

ఆ సాయంత్రం మానసను అడిగాడు.  అవతల ఒక్కసారిగా నవ్వు. ఆపుకోలేక, మధ్యలో ఊపిరి అందక, మళ్ళీ మొదలెట్టి నవ్వింది. "కొట్టు గాదు, కిరాణం గాదు, గుండె ఝల్లుమన్నదని" అని చెప్పి మళ్ళీ నవ్వింది. మురళి ఫోను చెవికి అదుముకుని కదలకుండా నిలబడ్డాడు. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. పోతే పోనీ అనుకున్నాడు.

ఇక ఆ రోజు నుంచి ఫోను చేయడానికి సాకు వెతుక్కోనక్కర లేకపోయింది. మధ్యాహ్నం రాగానే చదవడం, సాయంత్రం అడగడం. ఎదురుగా ఉంటే తల ఊపే మనిషి ఫోనులో వానలా మాట్లాడేది. వాళ్ళింట్లో ఇక్కత్ పని, అంటే నేయబోయే నూలుకు ముందే రబ్బరు పట్టీలతో ముళ్ళు కట్టి రంగుల్లో ముంచాలి. ఆ ముళ్ళు కట్టడాన్ని వాళ్ళు చిటికి కట్టడం అంటారు. మానస చిటికి కడుతూనే, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కథ చెప్పేది. మధ్యలో తల్లి ఆండాళు, "గా ముడి వదులైందే, రంగు దిగుతది, నీ ముచ్చట్లు పాడుగాను" అని కేకేయడం కూడా వినిపించేది.

కథ ఇదీ. నీళ్ళు కరువైపోయిన లోకం. ఒక నగరం, చుట్టూ గోడ. లోపల మనుషుల్ని మీది చెరువు వాళ్ళు, కింది చెరువు వాళ్ళు అని విడదీశారు. మీది వాళ్ళకు తేట నీళ్ళు, కింది వాళ్ళకు మిగిలిన నీళ్ళు. మీది మనిషీ కింది మనిషీ ఒకే గ్లాసులో తాగితే నేరం, గోడ బయటికి గెంటేస్తారు. ఎల్మా మీది చెరువు పిల్ల. కింది చెరువు కుర్రాడు కోరిన్‌తో ఒకే గ్లాసులో తాగి పట్టుబడింది. అదంతా మొదటి భాగంలో అయిపోయింది, ఇందులో మాటల్లో అక్కడక్కడా తెలుస్తుంది, అంతే. ఈ భాగం మొదలయ్యేసరికి ఎల్మా గోడ బయట ఇసుకలో నడుస్తూ ఉంది. పక్కన డేన్ అనే ఒకడు ఉన్నాడు. బావులు తవ్వేవాడు. ఎక్కువ మాట్లాడడు. పొద్దున్నే లేచి ఎక్కడో తడి ఇసుక వెతికి తవ్వి, దొరికిన నీళ్ళలో తన వంతు కూడా ఆమె తోలుసంచిలో పోసి, నేను తాగానని అబద్ధమాడతాడు.

మురళికి డేన్ ఎంత నచ్చాడో చెప్పలేం. డ్యూటీలో కూడా డేన్ సంగతే. "ఇంగ నీళ్ళు దొరికినయా మీవోనికి?" అని నరేశ్ రోజూ అడిగేవాడు. నీళ్ళు లేని ఊళ్ళ సంగతి చదువుతుంటే మురళికి మర్రిగూడ గుర్తొచ్చేది. అక్కడి బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువనీ, ఎన్నో ఏళ్ళు అవే తాగారనీ, ఇంటింటికీ మంచినీళ్ళ నల్లా వచ్చింది ఈ మధ్యేననీ పెళ్ళికి ముందు ఎవరో చెప్పారు. ఆ మాట అప్పుడు చెవిన వేసుకోలేదు.

పుస్తకం సగం దాటాక కోరిన్ వచ్చాడు. చచ్చిపోయాడనుకున్నవాడు ఒంటె మీద దిగాడు. ఎల్మా పరుగెత్తుకుంటూ పోయి వాడి మీద పడి ఏడ్చింది. మొదటి భాగం చదివినవాళ్ళు ఆ పేజీ దగ్గర ఆనందంతో కళ్ళు తుడుచుకుని ఉంటారు. మురళికి మాత్రం, తాను కూర్చున్న బస్సు సీటు దగ్గరికి ఎవడో వచ్చి, నేను రుమాలు వేసిన సీటు ఇది, లేవమన్నట్టు అయింది.

"వీడెవడు నడుమల?" అన్నాడు ఫోనులో. అంత గట్టిగా అతను మాట్లాడటం కూడా అదే మొదలు.

"కోరిన్ వస్తడు, చూడు అని చెప్పలేదా?" మానస గొంతులో ఆటపట్టింపు ఉంది.

"వస్తే రానీ. ఆఖరికి ఎవర్ని చేసుకుంటది?"

"నువ్వైతే ఎవర్ని చేసుకొమ్మంటవ్?"

"డేన్‌ను."

"ఎందుకు?"

గొంతు సవరించుకున్నాడు. "ఎందుకంటే... రోజు నీళ్ళు తెచ్చింది ఆయననే గద. ఒక్కనాడన్న అడిగిండా, నేనంటే నీకు ఇష్టమేనా అని? లోపల ఉంటది గద ఆయనకు."

అవతల మళ్ళీ నవ్వు. ఈసారి చిన్నగా, మెత్తగా. ఆ నవ్వును మళ్ళీ ఒక్కసారి కళ్ళతో చూడాలని అతనికి ప్రాణం కొట్టుకుపోయింది. మనసులో ఉన్నది అలాగే పైకి వచ్చేసింది. "మానసా, జర వీడియోల రా. నువ్వు నవ్వుతుంటే చూస్త."

నవ్వు ఆగిపోయింది. "వద్దు."

"మొగున్నే గదనే. వస్తే ఏమైతది?"

ఫోను కట్ అయింది.

తరవాత రెండు రోజులు ఏం అడిగినా "తిన్న, పని ఉంది, ఉంట" అని ఆ మూడు ముక్కలే. మురళికి ముద్ద దిగలేదు. రెండో రోజు మధ్యాహ్నం కూర్చుని పుస్తకం చివరిదాకా చదివేశాడు. అయ్యో, చదవకపోయినా బాగుండేది. నీళ్ళ కోసం అందరూ దొంగచాటుగా నగరంలోకి దూరి తిరిగి వస్తుండగా గోడ గేటు మూసుకుపోతుంటే, డేన్ దాన్ని భుజంతో ఆపి అందరినీ బయటికి పంపాడు. తాను లోపలే ఉండిపోయాడు. ఎల్మా బయట, కోరిన్ చేయి పట్టుకుని, డేన్ ఇచ్చిన తోలుసంచి భుజాన వేసుకుని నడిచిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. అంతే, ఆ తరవాత ఖాళీ పేజీ.

మురళి వరండాలో మెట్టు మీద కూలబడ్డాడు. నరేశ్ వచ్చి సంగతి అడిగి, విని, పాపం ఏ దురుద్దేశమూ లేకుండా ఒక మాట అన్నాడు. "మొదటి భాగం చదవకుంట వస్తే గిట్లనే ఉంటది మామా. ఆమెకు ముందుగాల్నే ఒకడున్నడు గద. నీ డేన్ ఎంత చేస్తే మాత్రం ఏముంది?"

నరేశ్ పుస్తకం గురించే అన్నాడు. కానీ ఆ మాట మురళి గుండెలో సూటిగా దిగింది. ఫోనులో మాట్లాడుతుంది, ముఖం మాత్రం చూపించదు. ఎదురుగా ఉంటే నవ్వదు. మానస కథలో కూడా తాను నడిమి నుంచి వచ్చినవాడేనేమో. మొదటి భాగం ఎవరిదో, అందులో ఏముందో. ఆ రాత్రి అటూ ఇటూ పొర్లి, పొద్దున్నే కంపెనీకి ఫోను చేసి సెలవు చెప్పి, పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని బస్సెక్కాడు. ఆషాఢమని గుర్తుంది. అయినా ఎక్కాడు.

కల్వకుర్తిలో బస్సు మారాడు, మల్లేపల్లిలో మారాడు. మర్రిగూడలో దిగి ఆటో పట్టుకునేసరికి ముసురు పట్టింది. రోడ్డుకు అటూ ఇటూ పత్తి మొలకలు అప్పుడప్పుడే రెండాకులు వేస్తున్నాయి. దారంతా ఒక మాట కూడబలుక్కున్నాడు. 'నిజం చెప్పు, నేనంటే నీకు ఇష్టమేనా?' ఎన్నిసార్లు అనుకున్నా, ఆటో అత్తగారి వీధి మలుపు తిరిగేసరికి ఆ మాట గొంతులోనే ఎక్కడో ఇరుక్కుంది.

వాకిట్లో అడుగు పెట్టగానే మగ్గం చప్పుడు ఆగింది. అరుగు పక్క కిటికీలోంచి పరమేశ్వర్ తల బయటికి పెట్టాడు. గుంటలో కూర్చుని నేసే మగ్గం కాబట్టి ఆయన తల కిటికీ అంచుకు కాస్త పైన మాత్రమే కనిపిస్తుంది.

"అల్లుడా, ఇదేం రాక? ఆషాఢం గాదా బిడ్డా?"

లోపల ఏదో గిన్నె పడ్డ చప్పుడు, ఆ వెంటనే నడిమింటి తలుపు ధబాలున మూసుకుంది. అత్తగారు ఆండాళు తలుపు వెనక నుంచి, "గడప దాటనీయకు ఆయన్ను. నేను ఎదురుపడొద్దు, ఆయన లోపలికి రావద్దు. అరుగు మీదనే కుర్చేసి కూసోవెట్టు" అంది. గొంతులో భయం ఎంతుందో, అల్లుణ్ణి తడిలో నిలబెట్టినందుకు బాధా అంతే ఉంది.

"పుస్తకం ఇచ్చి పోదామని వచ్చిన మామా" అన్నాడు మురళి.

జడ్చర్ల నుంచి మర్రిగూడకు మూడు బండ్లు మారి, వానలో, పుస్తకం ఇవ్వడానికి. పరమేశ్వర్ అల్లుడి ముఖంలోకి ఒకసారి చూశాడు. నవ్వు ఆపుకున్నాడు. "మంచిది. ఇయ్యి బిడ్డా, ఇయ్యి" అని తల లోపలికి తీసుకున్నాడు. మగ్గం మళ్ళీ మొదలైంది గానీ, ఇంతకుముందున్న వేగం లేదు. చెవులు కిటికీ దగ్గరే ఉన్నాయని తెలుస్తూనే ఉంది.

మానస వచ్చి గడపకు లోపలి పక్క కూర్చుంది. వేళ్ళన్నీ నీలం రంగు. చున్నీ కొస అప్పుడే నోటికి అడ్డం వచ్చింది. ఇతను గడపకు బయట అరుగు మీద. ఇద్దరి మధ్యా పసుపు రాసిన గడప.

పుస్తకం చాచాడు. ఆమె తీసుకోలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది. డేన్ను లోపల్నే ఇడిసిపెట్టి పోయింది గామె." మురళి ముంచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. పుస్తకంలో మనిషికి ఇంత ఏడుపెందుకో అని ఎవరైనా అనుకోవచ్చు. మానస అనుకోలేదు.

"మొదటి భాగంల ఏమున్నది?" అని అడిగాడు. "కోరిన్‌ను మర్చిపోనీకి వస్తలేదంటే, గంతగనం ఏముండె వాళ్ళ నడుమ?"

"నాకేం తెలుసు?"

"అంటే?"

"నేను చదవలే. నాకు దొరికింది గీ నడిమిదొక్కటే. నల్లగొండల డిగ్రీ చదివేటప్పుడు గడియారం చౌరస్తా కాడ పాత పుస్తకాలాయన దగ్గర కొన్న. ముందుదీ లేదు, ఎనుకదీ లేదు అన్నడు. గప్పటిసంది ఇదే మళ్ళ మళ్ళ చదువుత."

"మరి కోరిన్ వస్తడు, చూడు అంటివి?"

"చదివినదాన్ని, వస్తడని తెల్వదా? నువ్వు ఉడుక్కుంటుంటే నాకు మంచిగనిపిచ్చింది." చున్నీ వెనక నుంచే అంది. "నేను గూడ నడిమి నుంచే మొదలువెట్టిన. నాకు గూడ ముందుగాల కనవడ్డది డేనే."

మగ్గం ఆగింది. మళ్ళీ రెండుసార్లు టకటకమంది, ఏదో ఆడించాలని ఆడించినట్టు.

మురళికి కాస్త ఊపిరి ఆడింది. కానీ అసలు సంగతి ఇంకా తేలలేదు. ఇప్పుడు అడగకపోతే ఇక ఎప్పటికీ అడగలేడు. గొంతు సవరించుకున్నాడు. ఒకసారి, రెండోసారి. 

"పెళ్ళిచూపుల్ల నవ్వలే నువ్వు" అన్నాడు. "పీటల మీద నవ్వలే. నేనేమన్న అంటే నోరు మూసుకోని లోపలికి పోతవ్. ఫోన్ల నవ్వినవ్, చూపియ్యమంటే కట్ చేసినవ్. నాకు రెండు దినాలసంది అన్నం పోతలేదు మానసా. నేనంటే ఇష్టం లేకుంట చేసుకున్నవా? ఉన్నదున్నట్టు చెప్పు. నేనేమనుకోను."

మానస కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చున్నీ కొసను నోటి దగ్గర నుంచి నెమ్మదిగా తీసేసింది. ముందుకు వంగి, పిల్లలు డాక్టరుకు చూపించినట్టు, పెదాలు విప్పి పళ్ళు చూపించింది. ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు, అంచుల్లో పసుపు మరకలు.

"చూసినవా? మా ఊరి నీళ్ళు. చిన్నప్పటిసంది గివే. నల్లగొండ హాస్టల్ల పోరీలు నవ్విన్రు, గప్పటిసంది నేను నవ్వుడు బంద్ చేసిన. ఫోటోల గూడ. వీడియోల గూడ. ఫోన్లనైతే కనవడవు గద, అందుకే నీతోని గంత మాట్లాడిన. నువ్వు చూస్తే ఏమనుకుంటవో అని..."

"నేను చూసిన" అన్నాడు మురళి.

"ఎప్పుడు?"

"అప్పగింతల నాడే. అరుగు మీద కూసోని మీ ముసలవ్వకు అన్నం కలిపి పెడుతుంటివి. ముసల్ది ఏదో అన్నది, నవ్వినవ్. నేను బండి కాడ నిలవడి చూసిన. గా నవ్వు మళ్ళొకసారి చూద్దామనే గద ఇన్ని దినాలసంది నా తిప్పలు." అతనికి ఇంకా అర్థం కాలేదు, అమాయకంగా అడిగాడు. "పళ్ళకూ, నువ్వు నవ్వకపోవుడుకూ ఏం సంబంధం?"

కిటికీలోంచి పరమేశ్వర్ గొంతు వచ్చింది. అసలు వినడం లేదన్న నటన ఆయన ఎప్పుడో మానేశాడు. "మా ఊళ్ళె అందరివీ గట్లనే అల్లుడా. నావి చూడు, ఇంగ అధ్వానం. మేం సిగ్గిడిసి నవ్వుతం. గీ పిల్లకే ఫికరు."

"నువ్వు జర ఊకో నాయినా" అంది మానస, కళ్ళు తుడుచుకుంటూ. తుడుచుకున్న చోటల్లా బుగ్గ మీద నీలం అంటింది.

తలుపు వెనక నుంచి ఆండాళు ముక్కు చీదింది. ఏం మాట్లాడాలో తెలియని చోట తల్లులు ఏం మాట్లాడతారో అదే మాట్లాడింది. "వచ్చినోనికి మంచినీళ్ళన్న ఇచ్చినవానే? ఎంత దూరంకెల్లి వచ్చిండు."

మానస లేచి లోపలికి వెళ్ళింది. నల్లా నీళ్ళు పట్టిన కుండ మూత తీసిన చప్పుడు వినిపించింది. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి గడపకు లోపల నిలబడింది. అతను చేయి చాచాడు. ఆమె ఇవ్వలేదు. గ్లాసు తన నోటి దగ్గర పెట్టుకుని, తండ్రి కిటికీలోంచి చూస్తుండగానే, రెండు గుటకలు తాగింది. మిగిలిన నీళ్ళను గడప మీదుగా అతనికి చాచింది.

డేన్ అంత దూరం అన్ని నీళ్ళు మోసుకొచ్చాడు గానీ, పుస్తకం మొత్తంలో ఒక్కసారైనా ఎల్మా తాను తాగిన గ్లాసు అతనికి ఇవ్వలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆ వాకిట్లో ఇద్దరే ఇద్దరు. అందుకున్నాడు. ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు.

తలుపు సందులోంచి అంతా చూస్తూనే ఉన్న ఆండాళుకు మతి పోయింది. "ఓసి నీ పాసుగాల, మొగనికి ఎంగిలి నీళ్ళిస్తవానే? ఆషాఢంల రావుడే తప్పంటే, గడపల నిలవడి గిదేం పని?"

"గడప దాటింది నీళ్ళే గదనే, అల్లుడు దాటలే" అన్నాడు పరమేశ్వర్, కిటికీలోంచి.

మానస పకపకా నవ్వింది. చేయి నోటి దగ్గరికి సగం దాకా పోయి, ఆగి, కిందికి వచ్చేసింది. మురళి గ్లాసు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. వెళ్ళు బిడ్డా, మళ్ళీ వాన పెద్దదైతది, చివరి బస్సు పోతది అని మామగారు రెండుసార్లు చెబితే గానీ కదల్లేదు.

వెళ్ళేముందు పుస్తకం మళ్ళీ చాచాడు. ఆమె మళ్ళీ తీసుకోలేదు.

"తీసుకపో. శ్రావణంల వస్త గద, ఇద్దరం కలిసి చదువుదాం."

"పుస్తకం మర్చిపోయినవనుకున్న ఆనాడు."

"మర్చిపోతే ఉప్పు డబ్బా పక్కకు ఎందుకు వెడత? కూరల ఉప్పు తక్కువైతే నువ్వే లేసి తీసుకుంటవ్, నన్నడగవు. నాకు తెల్వదా?"

"మూడో భాగం హైదరాబాద్‌ల దొరుకుతదేమో చూస్త."

మానస పుస్తకాన్ని అతని వైపే నెట్టింది. "దొరికితే ముందు నువ్వే చదువు. డేన్ బయటికొస్తేనే నాకియ్యి. లేకపోతే మనకు గీ నడిమిదే చాలు."

మల్లేపల్లి బస్టాండులో కల్వకుర్తి బస్సు కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. వీడియో. చేతులు తడిగా ఉండి అద్దం మీద వేలు జారింది, రెండోసారికి గానీ ఎత్తలేకపోయాడు. తెర మీద మానస. వెనక రంగులద్దిన నూలు చిలపల కట్టలు వేలాడుతున్నాయి, పక్కన ఎక్కడో అత్తగారు ఇంకా ఎంగిలి నీళ్ళ గురించి సణుగుతూనే ఉంది. మానస బుగ్గ మీద నీలం మరక అలాగే ఉంది. చున్నీ భుజం మీద ఉంది, నోటి మీద లేదు. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉంది.

"తిన్నవా?" అంది.